నాన్నగారికి పళ్ల ఇంప్లాంట్లండి (ఊడిన పళ్ల చోట ఎముకలో బిగించే స్క్రూలు), మత్తు ఇంజెక్షన్ ఏది మంచిది?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. నాన్నగారికి 64, బీపీ షుగరు రెండూ ఉన్నాయి. కింది దవడలో వెనకవైపు రెండు ఇంప్లాంట్లు వేయించాలి, కాకినాడలో డాక్టరుగారేమో లిగ్నోకైన్ చాలన్నారు, రాజమండ్రిలో ఇంకొకాయన ఆర్టికైన్ అయితే బాగా పట్టుద్దని దానికి వేరే రేటు చెప్పారు. ఈయనేమో కొబ్బరిచెట్టు ఎక్కమంటే ఎక్కుతారు గానీ సూదంటే ఆమడదూరం అండి బాబు. తెలిసినవాళ్లు చెప్పండి.

భీమవరం డెంటిస్ట్:
రెండూ మంచివేనండి. కింది దవడ వెనక ఎముక మందం, పక్కన పొడిస్తే లిగ్నోకైన్ సరిగ్గా లోపలికి దిగదు, 4 శాతం ఆర్టికైన్ కొంచెం బాగా దిగుద్ది, అదే తేడా. కానీ వెనక నరం దగ్గర బ్లాక్ (ఆ పక్క దవడంతా తిమ్మిరెక్కించే ఇంజెక్షన్) ఇస్తే 2 శాతం లిగ్నోకైన్‌తోనే గంట పైన హాయిగా పని అయిపోద్ది. బ్లాక్‌కి నేనైతే లిగ్నోకైనే వాడతా, ఎందుకంటే ఆర్టికైన్ బ్లాక్ తర్వాత నాలుక, పెదవి తిమ్మిరి చాన్నాళ్లు ఉండిపోయిన కేసులు ఎక్కువ రిపోర్ట్ అయ్యాయి, చాలా అరుదే అనుకోండి. మీరు అడగాల్సింది మందు పేరు కాదు, అందులో అడ్రినలిన్ (మత్తు ఎక్కువసేపు నిలవడానికి కలిపేది) ఎంత అని. లిగ్నోకైన్‌లో మామూలుగా 1:80,000, అంటే 80 వేల భాగాల్లో ఒక భాగం ఉంటది, బీపీ ఉన్నోళ్లకి 1:2,00,000 ది అయితే గుండె మీద భారం తక్కువ. అది రెండు మందుల్లోనూ దొరుకుద్ది.

రాజోలు ఆవిడ:
నాకు పోయినేడు వేశారు, ఏ మందో అడగలేదు గానీ సాయంత్రం దాకా పెదవి నాది కాదన్నట్టే ఉంది, ఆకలేసి చేపల పులుసు అన్నం తినేసి బుగ్గ కొరికేసుకున్నాను 😭 తిమ్మిరి దిగేదాకా ఏమీ పెట్టకండి ఆయనకి.

భీమవరం డెంటిస్ట్:
కరెక్ట్ అండి. కానీ వెళ్లేముందు మాత్రం టిఫిను తినిపించి, రోజూ వేసే మాత్రలు వేయించే తీసుకెళ్లండి, లోకల్‌కి, అంటే ఆ చోటుకే ఇచ్చే మత్తుకి, పస్తుండక్కర్లేదు. మాత్రల చీటీ చూపించండి. ప్రొప్రనలాల్ లాంటిది (గుండె వేగం తగ్గించే మాత్ర) ఉంటే అడ్రినలిన్‌తో బీపీ ఒక్కసారిగా పెరగొచ్చు. మీ అంతట మీరు మానిపించొద్దు.

అడిగినాయన:
ఇప్పుడే డబ్బా తీసి చూశానండి. బీపీకి అమ్లోడిపిన్, షుగరుకి మెట్‌ఫార్మిన్, ఇంకోటి చేతులు వణుకుతున్నాయని ఎప్పుడో రాసిచ్చింది, దాని మీద ప్రొప్రనలాల్ అనే ఉంది! ఇద్దరు డాక్టర్లూ అడగలేదు, మేమూ చెప్పలేదు. కాకినాడ ఆయనకి ఫొటో పెట్టాను, రేపు మాట్లాడదాం రమ్మన్నారు.