ఐదేళ్ల పాపను నేరుగా రెండో తరగతిలో వేయొచ్చా?

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. మా పాపకు మేలో ఐదేళ్లు నిండాయి, జూన్‌లో ఒకటో తరగతి. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు కానీ చదవడం ఎప్పుడో వచ్చేసింది. బస్టాండ్‌లో నిలబడితే ఆదోని, ఎమ్మిగనూరు, ఆత్మకూరు అని బోర్డులన్నీ గడగడా చదివేస్తుంది. కూరగాయలకు వంద ఇస్తే, అమ్మే ఆయన కంటే ముందే చిల్లరెంతో చెప్తుంది.

స్కూల్లో చూసి, నేరుగా రెండో తరగతిలో వేద్దామంటున్నారు. మా ఆయన సరేనన్నారు. నాకే టెన్షన్‌గా ఉంది. ఆటలో ఓడిపోతే పాప ఇప్పటికీ గుక్కపట్టి ఏడుస్తుంది. రెండు లైన్లు రాసేసరికి చెయ్యి నొప్పంటుంది. 2020 జాతీయ విద్యా విధానమైతే ఒకటో తరగతికే ఆరేళ్లంటోంది. పైగా ఒక క్లాసు దాటిస్తే ఇంటర్ 16 ఏళ్లకే అయిపోతుంది. నీట్ రాయాలంటే ఆ ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 నిండాలి. ఇప్పుడే అంత దూరం ఆలోచించాలా అంటే, ఆలోచించకుండా ఉండలేకపోతున్నాను.

ఒకటిలోనే ఉంచితే వచ్చిన అక్షరాలే మళ్లీ దిద్దిస్తారు. విసుగొచ్చి స్కూలంటేనే మొహం తిప్పుకుంటుందేమో.

టీచర్లు, ఇలాంటి పిల్లలున్న అమ్మానాన్నలు దయచేసి చెప్పండి. ఒకటిలోనే ఉంచి, లెక్కలకూ చదవడానికీ మాత్రం రెండో తరగతికి పంపమని అడగొచ్చా? గొప్పలు చెప్పుకుంటున్నట్టు కాకుండా టీచరమ్మతో ఎలా మాట్లాడాలి?