ఆంధ్రా సదరం సర్టిఫికెట్‌లో 75 శాతం, ఇల్లు మారింది పర్లాకిమిడికి: ఒడిశా పెన్షన్ ఎలా?

కాశీనగర్ మేనమామ

అందరికీ నమస్కారం. మా మేనకోడలికి సెరిబ్రల్ పాల్సీ. మరో నాలుగు నెలల్లో 18 నిండుతాయి. పాతపట్నంలో ఉన్నప్పుడు వైకల్య శాతం తేల్చే సదరంలో బుద్ధిమాంద్యం కింద 75 శాతం వేశారు. కాళ్లు కూడా సరిగ్గా నడవవు, గోడ పట్టుకునే నడుస్తుంది, కానీ ఆ సంగతి సర్టిఫికెట్‌లో ఎక్కడా లేదు. ఆంధ్రాలో నెలకు 6000 వస్తోంది. ఇప్పుడు బావగారి పని మారి కుటుంబమంతా పర్లాకిమిడికి వచ్చేశారు, ఇక వెనక్కి వెళ్లరు.

అడగాల్సినవి ఇవి. సదరం కాగితం ఒడిశాలో చెల్లుతుందా? ఇక్కడ 80 శాతం ఉంటే 3500, లేకపోతే బాగా తక్కువ అంటున్నారు, 75 దగ్గర ఆగిపోయిన పిల్లకు దారేమైనా ఉందా? ఆంధ్రా పెన్షన్‌ను కొన్నాళ్లు అలాగే ఉంచుకోవచ్చా? వేలిముద్ర అసలు పడదు, దానికేం చేయాలి?

వంశధార గట్టు

సర్టిఫికెట్ చెల్లుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 58లోనే ఉంది, ఒక రాష్ట్రంలో ఇచ్చిన వైకల్య ధ్రువపత్రం దేశమంతటా చెల్లాలని. అయితే ఆఫీసులో అడిగేది కాగితం కాదు, యూడీఐడీ నంబరు, అంటే వికలాంగులకు కేంద్రం ఇచ్చే గుర్తింపు నంబరు. 2021 జూన్ 1 నుంచి సర్టిఫికెట్లన్నీ దాని పోర్టల్ స్వావలంబన్ ద్వారానే ఇవ్వాలని కేంద్రం నోటిఫై చేసింది.

కాబట్టి ముందు ఆ పోర్టల్‌లో పాప పేరు మీద ఇప్పటికే రికార్డు ఉందేమో చూడండి. సదరం వివరాలు చాలామందివి అందులోకి ఎక్కాయి, ఇంట్లోవాళ్లకు తెలియకపోవచ్చు. రికార్డు ఉంటే కొత్త దరఖాస్తు పెట్టకండి. అదే ఆధార్‌తో రెండోది పెడితే ఆగిపోతుంది, ఎక్కడ ఆగిందో కనుక్కోవడానికే నెలలు పోతాయి. ఉన్నదాంట్లోనే అడ్రస్ మార్చమని పెట్టండి. రికార్డు లేకపోతేనే కొత్తది. ఆధార్, ఆరు నెలల లోపు తీసిన ఫోటో, పాత సర్టిఫికెట్ స్కాన్ కావాలి.

దానికీ ముందు ఆధార్‌లో అడ్రస్ ఒడిశాకు రావాలి. దరఖాస్తు ఏ జిల్లా ఆసుపత్రికి వెళ్లాలన్నది నివాస రుజువును బట్టే. మొదట తండ్రి అడ్రస్ మార్చుకుని, ఆ తర్వాత ఆయన్ని కుటుంబ పెద్దగా చూపించి పాపది మార్చండి. ఆ పద్ధతిని 2023లో తెచ్చారు. సంబంధం చూపించే కాగితం ఒకటి పెడితే తండ్రి ఫోనుకు అనుమతి అడుగుతూ వస్తుంది, 30 రోజుల్లోగా ఒప్పుకోవాలి. చూసుకోకపోతే గడువు దాటి రద్దయిపోతుంది, ఇలా పోయేవి చాలా ఉంటాయి.

ఇంకోటి, పేరు. మన ఆధార్లలో ఇంటిపేరు ముందుంటుంది, ఇక్కడి బ్యాంకుల్లో, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్.ఐ.) ఆఫీసులో చివర రాస్తారు. ఆధార్, పాస్‌బుక్, యూడీఐడీ మూడింట్లో అక్షరం కూడా తేడా ఉండకూడదు. ఆధార్‌లో పేరు జన్మలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. అందుకని ఆధార్‌ను కదపకుండా పాస్‌బుక్‌నే దానికి తగ్గట్టు మార్పించండి.

మహేంద్రతనయ

శాతం సంగతి నేను చెబుతాను, ఎక్కువ మంది నష్టపోయేది అక్కడే.

75 అన్నది డాక్టరు కళ్లతో చూసి వేసిన అంకె కాదు. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో బుద్ధిమాంద్యానికి పట్టిక ఉంది. సామాజిక పరిణతి పరీక్షలో 55 నుంచి 69 వస్తే 50 శాతం, 36 నుంచి 54 వస్తే 75, 21 నుంచి 35 వస్తే 90. మధ్యలో 80 అనే మెట్టే లేదు. 36 నుంచి 54 మధ్యలో వచ్చిన పిల్లలు ఎంత బతిమాలినా ఆ ఒక్క వైకల్యం మీద 80కి చేరరు. శాతం వేసే మెడికల్ బోర్డు వాళ్లతో గొడవపడి లాభం లేదు.

మీ పాపకున్న దారి కాళ్లు. సెరిబ్రల్ పాల్సీలో చలన వైకల్యాన్ని విడిగా కొలిచి, రెంటినీ కలిపి బహుళ వైకల్యం కింద వేయాలి. కలపడమంటే కూడిక కాదు. పెద్ద అంకెను అలాగే ఉంచి, 90కి మిగిలిన ఖాళీలో చిన్న అంకెకు తగ్గ వాటా కలుపుతారు. 75కి 40 తోడైతే 115 అవదు, 81 దగ్గర పడుతుంది. మీకు కావలసింది ఆ కాస్తే. కాళ్లకు 20 మాత్రమే వేస్తే 78, 79 దగ్గరే ఆగుతుంది. అందుకే ఎముకల డాక్టరు గానీ ఫిజికల్ మెడిసిన్ డాక్టరు గానీ పాపను నడిపించి చూసి రాసిన నోట్ చాలా ముఖ్యం. గోడ పట్టుకుని నడుస్తుందని నోటితో చెబితే సరిపోదు. కీళ్లు ఎంతవరకు వంగుతున్నాయి, కండరాల బిగువు ఎంత, మెట్లు ఎక్కగలదా, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం, ఫిజియోథెరపీ చీటీలు, పాత పరీక్ష రిపోర్టు పట్టుకెళ్లండి. జిల్లా ఆసుపత్రిలో సైకాలజిస్టు లేకపోతే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి రాసిస్తారు. అలా రాసిచ్చిన చీటీ లేకుండా నేరుగా వెళ్లకండి.

దరఖాస్తులోనే బహుళ వైకల్యం అని గుర్తు పెట్టండి. ఒక్క బుద్ధిమాంద్యం పెట్టి వెళ్తే ఆ డాక్టరే చూస్తాడు, కాళ్ల మాట రాదు. ఆంధ్రాలో మీకు జరిగింది బహుశా అదే.

ఎప్పుడు వెళ్లాలన్నదీ ఆలోచించాలి. బుద్ధిమాంద్యం సర్టిఫికెట్‌ను 5, 10, 18 ఏళ్లకు తిరగరాయించుకోవాలి, 18కి ఇచ్చిందే జీవితాంతం ఉంటుంది. ఇప్పుడు బోర్డుకెళ్తే నాలుగు నెలల్లో మళ్లీ రమ్మంటారు. అడ్రస్ పనులన్నీ ఈలోగా ముగించి, పుట్టినరోజు దాటగానే రెండూ కొలిపించుకోవడం మంచిదని నా అభిప్రాయం. 2024 అక్టోబరు సవరణ నిబంధనల ప్రకారం సర్టిఫికెట్ ఇవ్వడానికి వాళ్లకు మూడు నెలల గడువుంది, ఇదివరకు నెలే ఉండేది. 80, ఆపైన వస్తే యూడీఐడీ కార్డు నీలం రంగులో, 40 నుంచి 80 లోపు పసుపు, 40 లోపు తెలుపు.

పక్కమాటగా ఇంకొకటి. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగున్నవాళ్లకు పట్టిక ప్రకారం 30 శాతమే. తెల్ల కార్డు వస్తుంది, పెన్షన్ రాదు. ఇక్కడి నుంచి చాలామంది ఆ ఆశతో బరంపురం దాకా వెళ్లి ఉత్త చేతులతో వస్తున్నారు, పాపం.

గుణుపురం రోడ్డు

ఆంధ్రా పెన్షన్ ఉంచుకోవచ్చా అన్నదానికి: వద్దండీ. ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పెన్షన్ నిబంధనల్లోనే ఒడిశా శాశ్వత నివాసి అయి ఉండాలని, వేరే ప్రభుత్వ పెన్షన్ తీసుకోకూడదని ఉంది. రెండూ ఆధార్ మీదే నడుస్తాయి. ఎప్పుడో బయటపడితే రికవరీ నోటీసు వస్తుంది, ఇక్కడిదీ ఆగిపోతుంది. వికలాంగుల ప్రయోజనాలను మోసంతో పొందితే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని సెక్షన్ 91 చెబుతోంది. 6000 వదులుకోవడం కష్టమే, ఆ బాధ సరిహద్దు ఊళ్లలో అందరికీ తెలుసు. కానీ కాపురం నిజంగా ఇటు మారినప్పుడు ఆ పెన్షన్ మీది కాదు. పాతపట్నంలో మీ గ్రామ సచివాలయంలో రాసిచ్చి, రద్దయినట్టు కాగితం తీసుకోండి. ఆంధ్రా రేషన్ కార్డులోంచి పేర్లు తీయించిన కాగితం కూడా ఉంచుకోండి, ఇక్కడ అడుగుతారు.

తర్వాత తహసీల్దారు ఇచ్చే రెసిడెంట్ సర్టిఫికెట్, ఆదాయ ధ్రువపత్రం. టౌన్‌లో ఉంటే దరఖాస్తు మున్సిపాలిటీలో, పల్లె అయితే బ్లాక్ ఆఫీసులో. రసీదు లేకుండా ఇవ్వొద్దు. మధుబాబు పెన్షన్‌కు 18 నిండక్కర్లేదు, 5 ఏళ్లు దాటిన వికలాంగ పిల్లలకూ ఉంది. కాబట్టి నాలుగు నెలలు ఆగకుండా ఉన్న 75తోనే ముందు పెట్టేయండి, తక్కువ రేటయినా మొదలవుతుంది. బోర్డు అయ్యాక కొత్త శాతంతో రేటు మార్చమని అర్జీ ఇవ్వండి. 3500 అన్నది 2025 జనవరి నుంచి 80 శాతం, ఆపైన ఉన్నవాళ్లకు. 80 దాటి 18 నిండి బీపీఎల్ అయితే కేంద్రం ఇచ్చే ఇందిరాగాంధీ వికలాంగ పెన్షన్ పద్దులోకి మార్చవచ్చు. అందులో కేంద్రం వాటా 300. పద్దు ఏదైనా ఫరవాలేదు, చేతికొచ్చే మొత్తం చూసుకోండి.

వంశధార గట్టు

వేలిముద్ర గురించి. 15 ఏళ్లు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు, కనుపాప మళ్లీ ఇవ్వాలి. మీ పాపకు అది జరిగిందా చూడండి. జరగకపోతే ఎన్నిసార్లు వేలు పెట్టినా పడదు, అది వేలి తప్పు కాదు. చేతులు బిగుసుకుపోయి వేళ్లు ఆనకపోతే మినహాయింపు కింద నమోదు చేయమని ఆధార్ కేంద్రంలో అడగండి, ఆ వెసులుబాటు ఉంది. బ్యాంకులో కెమెరా ముందు కన్ను ఆర్పమని పట్టుబడితే 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ప్రజ్ఞా ప్రసూన్ కేసులో ఇచ్చిన తీర్పు చూపించండి. యాసిడ్ దాడి బాధితులు, చూపులేని మరో వ్యక్తి వేసిన పిటిషన్లవి. కన్ను ఆర్పడం కాక వేరే పద్ధతులూ ఉండాలని, వేలిముద్ర సంతకాన్నీ ఒప్పుకోవాలని అందులో చెప్పారు.

ఒడిశాలో కొత్త ఖాతా తెరిస్తే ఆధార్‌ను ఆ ఖాతాకు మార్పించాలి. లేకపోతే డబ్బు పాతపట్నం ఖాతాలోనే పడుతుంది. ఇక్కడ పాస్‌బుక్ ఖాళీగా ఉందని మీరు ఆఫీసు చుట్టూ తిరుగుతారు. ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్‌లో ఏ బ్యాంకుకు కలిసి ఉందో కనిపిస్తుంది.

కాశీనగర్ మేనమామ

చాలా థాంక్స్ అండీ అందరికీ. ఒక్క అనుమానం. 18 నిండాక ఖాతా మీద మా అక్క సంతకం చెల్లుతుందా?

మహేంద్రతనయ

చెల్లదు. 18 దాటాక తల్లయినా తనంతట తాను సంరక్షకురాలు అయిపోదు. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు అదే సంరక్షకుణ్ణి నియమిస్తుంది, కోర్టుకెళ్లక్కర్లేదు. ఆ పత్రాన్ని బ్యాంకులు ఒప్పుకోవాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. పర్లాకిమిడిలో జిల్లా సామాజిక భద్రత అధికారి ఆఫీసులో అడగండి. పుట్టినరోజు నాటికే కాగితాలన్నీ సిద్ధంగా ఉంటే మధ్యలో పెన్షన్ ఖాతా ఆగదు.