క్యాంపస్‌లో వియత్నాం జెండా: ఏది కట్టాలి, ఎవరు తేల్చాలి?

లంకగాలి: అమెరికా యూనివర్సిటీల్లో అంతర్జాతీయ వారోత్సవం అనగానే దేశదేశాల జెండాలు వరసగా కడతారు. వెనిజులాకీ యెమెన్‌కీ మధ్య పసుపు నక్షత్రం ఉన్న ఎర్రజెండా (ఇప్పటి కమ్యూనిస్టు వియత్నాంది) కనబడిందా, 1975 ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయాక దేశం వదిలొచ్చినవాళ్ల పిల్లలు ఊరుకోరు. పసుపు మీద మూడు ఎర్రచారలున్న పాత దక్షిణ వియత్నాం జెండా కట్టమంటారు. 2006లో టెక్సస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్‌లో ఈ గొడవ ముదిరి, చివరికి అన్ని దేశాల జెండాలూ దింపేశారు. పాత జెండా కట్టనివ్వాలనే నేనంటాను. మీరేమంటారు?

కొలబద్ద: ఒప్పుకోను. 1995లో అమెరికా హనోయ్‌తో, అంటే ఇప్పటి వియత్నాం ప్రభుత్వంతో, దౌత్య సంబంధాలు పెట్టుకుంది. ఆ వరస దేశాలది, లేని దేశానికి అందులో చోటెక్కడ? పసుపు జెండాకి ఇస్తే రేపు సింహం బొమ్మున్న పాత ఇరాన్ జెండా పట్టుకుని ఇంకొకరొస్తారు. పైగా వియత్నాం నుంచి వచ్చి చదువుతున్నవాళ్లు అమెరికాలో 20 వేలకు పైనే. వాళ్ల దేశపు శిక్షాస్మృతిలో 117వ నిబంధన రాజ్యవ్యతిరేక ప్రచారం మీద. పసుపు జెండా కింద గ్రూప్ ఫొటో దిగమంటే ఎంతమంది దిగుతారు?

మూడుచారలు: దేశాల వరస అంటున్నారు గానీ, అదే వరసలో తైవాన్ జెండా కడతారు కదండీ. తైవాన్‌ని అమెరికా గుర్తించిందా? నియమం ముందే వంగిపోయింది.

ఇంకోటి. పసుపు జెండా 1948 నాటిది, 1955లో ఏర్పడిన దక్షిణ వియత్నాం రిపబ్లిక్ కన్నా పాతది. లూసియానా 2003లో చట్టం చేసి దీన్ని గుర్తించింది. 2006లో కాలిఫోర్నియా గవర్నర్ ష్వార్జెనెగర్ ఉత్తర్విచ్చారు. అయితే వర్జీనియాలో 2003లోనే ఇలాంటి బిల్లు విదేశాంగ శాఖ అభ్యంతరం చెప్పాక ముందుకు కదల్లేదు. అంటే ఇది దేశపు జెండా అంటే పేచీ, సముదాయపు జెండా అంటే దారి ఉంది. యుద్ధం తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం ఓడినవాళ్లని నిర్బంధించిన పునర్విద్యా శిబిరాల్లో మూడేళ్లు, ఆపైన మగ్గి, తర్వాత ప్రత్యేక పథకం కింద అమెరికా చేరినవాళ్లున్నారు. వాళ్లకు ఎర్రజెండా అంటే జైలు గేటు మీది గుర్తు.

రూలు రామం: ఇద్దరూ జెండా గురించే వాదిస్తున్నారు. అది కట్టే చోటు ఎవరిదో ముందు చూడండి. విద్యార్థి గది కిటికీ, చొక్కా, సంఘం బల్ల అయితే ఏ జెండా అయినా వాళ్ల సొంత అభివ్యక్తి. కమ్యూనిస్టుల ఎర్రజెండా మీద నిషేధాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1931లోనే కొట్టేసింది. యూనివర్సిటీ తన స్తంభానికి తానే కడితే అది యూనివర్సిటీ మాట, ఎంపిక దానిదే. చిక్కంతా మధ్య రకంతో. తన స్తంభాన్ని అడిగినవాళ్లందరికీ ఇస్తూ పోయి ఒకరిని ఆపితే 2022 నాటి బోస్టన్ కేసు మెడకు చుట్టుకుంటుంది. అక్కడ నగరపాలకులు తమ స్తంభం మీద పన్నెండేళ్లలో 284 సార్లు జెండాలు ఎగరేయనిచ్చి, ఎవరినీ కాదనకుండా, ఒక క్రైస్తవ జెండాని మాత్రం వద్దన్నారు. సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిలూ నగరం తప్పే అన్నారు. (ఇవన్నీ ప్రభుత్వ యూనివర్సిటీల సంగతి. ప్రైవేటువి రాజ్యాంగపు వాక్స్వాతంత్ర్య నియమం కిందికి రావు, కానీ కాలిఫోర్నియాలో 1992 నాటి లెనార్డ్ చట్టం మతసంస్థలు కాని ప్రైవేటువాటిని కూడా ఆ నియమానికి కట్టేస్తుంది.)

కాబట్టి వేడుకకు ముందే కాగితం మీద పెట్టండి: వరస దేశాలదా, విద్యార్థుల మూలాలదా? దేశాలదైతే ఏ జాబితా ప్రకారం? దరఖాస్తు ఎవరికి, గడువెప్పుడు, కాదంటే అప్పీలు ఎవరికి? జెండాలన్నీ ఒకే కొలత, 3×5 అడుగులు, ఒకే ఎత్తు. కింద చీటీ మీద ఒట్టి "వియత్నాం" అని రాయకండి. ఎర్రదానికి "వియత్నాం సోషలిస్టు రిపబ్లిక్", పసుపుదానికి "వియత్నామీ అమెరికన్ల వారసత్వ జెండా", అదీ వేరే వరసలో. ఎక్కువసార్లు కొంప ముంచేది ఫోన్ రాగానే ఆఫీసువాళ్లు రాత్రికి రాత్రి జెండా మార్చేయడం. పొద్దున రెండో పక్షం దిగుతుంది, చూపించడానికి రూలుండదు.

కొలబద్ద: ఇంత తతంగం దేనికి, అన్నీ దింపేస్తే పోలా?

రూలు రామం: 2015లో కాలిఫోర్నియాలో వియత్నామీల పెద్ద పేట లిటిల్ సైగాన్ పక్కనే ఉన్న ఇర్వైన్ యూనివర్సిటీలో విద్యార్థి సభ తన లాబీలో జెండాలే వద్దని తీర్మానించింది, అమెరికా జెండాతో సహా. దేశమంతా విరుచుకుపడింది. రెండ్రోజులకే విద్యార్థి సంఘం కార్యవర్గమే దాన్ని వీటో చేసింది.

మూడుచారలు: వేరే వరసకు నాకు అభ్యంతరం లేదు రామం గారూ. కానీ అది మెట్ల కింద మూల కాకూడదు. రెండు వరసలూ ఒకే హాల్లో ఉంటాయని కూడా మీ కాగితంలో రాయించండి.

కొలబద్ద: అలాగైతే ఫొటోలు తీసే వేదిక వెనక ఏ జెండా ఉండకూడదని కూడా రాయించండి. 117 సంగతి మర్చిపోకండి.