అమ్మకి కొలనోస్కోపీ: ఖమ్మంలో 4,500, విజయవాడలో 7,500, హైదరాబాద్‌లో 14,000. ఎందుకింత తేడా?

మిర్చితోట, ఖమ్మం జిల్లా

అందరికీ నమస్కారం. అమ్మ విషయంలో సలహా కావాలి.

అమ్మకి 56 ఏళ్ళు. ఉగాది దగ్గర నుంచి ఆయాసం అంటోంది. చేనుకి వెళ్తే నాలుగు సాళ్ళు తిరగకముందే గట్టు మీద కూర్చుండిపోతోంది. ఎండలకేమో అనుకున్నాం. పోయిన నెల రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.9 వచ్చింది. ఐరన్ మాత్రలు రాశారు. మలంలో రక్తం పోతోందేమో చూసే పరీక్ష కూడా చేయించారు, అది పాజిటివ్. అమ్మకి నెలసరి ఆగి ఆరేళ్ళయింది కాబట్టి పొట్టలోనో పేగుల్లోనో ఎక్కడో కొద్దికొద్దిగా రక్తం పోతుండవచ్చు, పైనుంచి ఎండోస్కోపీ (నోటిగుండా కెమెరా గొట్టం వేసి పొట్ట చూసేది), కిందనుంచి కొలనోస్కోపీ (మలద్వారం గుండా పెద్దపేగు చూసేది) రెండూ చేయించమన్నారు డాక్టరు గారు.

మూడు చోట్ల ఫోన్ చేశాను. ఖమ్మంలో ఒక గ్యాస్ట్రో డాక్టరు క్లినిక్‌లో కొలనోస్కోపీకి 4,500 అన్నారు. విజయవాడలో ఒక ఆసుపత్రిలో 7,500. హైదరాబాద్‌లో పెద్ద ఆసుపత్రిలో ప్యాకేజీ 14,000 అన్నారు. పరీక్ష ఒకటే కదా, మూడింతల తేడా ఎందుకు? అడిగితే ముగ్గురూ "మా దగ్గర అంతేనమ్మా" అనే అన్నారు.

నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 16 వేలు. నాన్న మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉంది. అమ్మేమో "మిర్చి అమ్మాక చూద్దాంలే" అంటోంది. తక్కువ ధర చూసి వెళ్తే అమ్మకి అన్యాయం చేసినట్టవుతుందేమోనని ఒక భయం. అప్పు చేసి పెద్దచోటికి తీసుకెళ్తే అనవసరంగా డబ్బు పోసినట్టవుతుందేమోనని ఇంకో భయం. రెండు రోజులుగా ఇదే టెన్షన్. తెలిసినవాళ్ళు చెప్పండి.

స్కోపురూమ్ సిస్టర్, హైదరాబాద్

చెల్లెమ్మా, నేను 13 ఏళ్ళుగా ఎండోస్కోపీ విభాగంలో నర్సుగా చేస్తున్నాను. మూడు ఆసుపత్రులు మారాను. నాకు తెలిసింది చెబుతాను.

ముందు ఒక మాట. మిర్చి అమ్మేదాకా ఆగొద్దు. ఆ వయసులో రక్తం 7.9కి పడిపోయి, మలం పరీక్ష కూడా పాజిటివ్ వచ్చిందంటే కారణం తెలియాల్సిందే. ఐరన్ మాత్రలతో రక్తం కొంత పెరిగితే "తగ్గిపోయింది" అని ఇంటికి వెళ్ళిపోయినవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళలో కొందరు ఏడాదికి ముదిరిన జబ్బుతో తిరిగి వచ్చారు. తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

ఇక ధర సంగతి. మీకు ఫోన్లో చెప్పిన మూడు అంకెలూ ఒకే వస్తువు ధరలు కావు. దేంట్లో ఏం కలిపారో చూడాలి.

మొదటి తేడా మత్తు. కొన్ని క్లినిక్కుల్లో మిడజోలమ్ లాంటి ఇంజెక్షన్ కొద్దిగా ఇచ్చి చేస్తారు. మనిషి మగతగా ఉంటారు గానీ మెలకువ ఉంటుంది, గాలి ఊదినప్పుడు కడుపులో నొప్పి తెలుస్తుంది. పెద్దచోట్ల ప్రొపోఫాల్ ఇచ్చి నిద్రపుచ్చుతారు. దానికి మత్తు డాక్టరు పక్కనే ఉండాలి, ఆయన ఫీజు వేరు. మీ అమ్మగారికి రక్తం తక్కువ కాబట్టి మత్తు ఎవరిస్తారు, ఆక్సిజన్, మానిటర్ ఉన్నాయా అని తప్పకుండా అడగండి.

రెండోది స్కోపు, అంటే ఆ కెమెరా గొట్టం. ఈ స్కోపుల్లో ఎక్కువ భాగం జపాన్ కంపెనీలవే: ఒలింపస్, ఫుజిఫిల్మ్, పెంటాక్స్. కొత్త హెచ్‌డీ సెట్ కొనాలంటే లక్షల్లో మాట. పాత స్కోపుతో నడిపేవాళ్ళు తక్కువకి చేయగలరు. దాన్ని కడగడం కూడా ఖర్చే. ఒక్కో పేషెంటు తర్వాత లోపలి సన్నని గొట్టాలన్నీ బ్రష్‌తో తోమాలి, ఎంజైమ్ నీళ్ళలో నానబెట్టాలి, క్రిమిసంహారక ద్రావణంలో ఉంచాలి, మళ్ళీ మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. సరిగ్గా చేస్తే అరగంట పైనే పడుతుంది. ఒకటే స్కోపు పెట్టుకుని పొద్దున్నే పదిహేనుమందికి చేస్తున్నారంటే ఈ కడగడం ఎలా జరుగుతోందో నేనైతే అడుగుతాను. మీరూ అడగండి, తప్పేం లేదు.

మూడోది, చాలామంది గొడవపడేది, పరీక్షలో ఏదైనా కనబడితే అయ్యే ఖర్చు. పేగు లోపలి గోడ మీద చిన్న చిన్న కండలు పెరుగుతాయి, వాటిని పాలిప్స్ అంటారు. వాటిలో కొన్ని ఏళ్ళ తరబడి ఉండి క్యాన్సర్‌గా మారతాయి కాబట్టి కనబడగానే తీసేయడమే మంచిది. స్నేర్ అనే వైరు ఉచ్చుతో తీస్తారు, దానికి వేరే చార్జీ. రక్తం రాకుండా క్లిప్ వేస్తే ఒక్కో క్లిప్‌కి వేరు. తీసిన ముక్కని పరీక్షకి పంపితే సీసాల లెక్కన ల్యాబు చార్జీ. ఫోన్లో చెప్పే ధరలో ఇవి సాధారణంగా ఉండవు. ముందు చేసే హెచ్‌ఐవీ, హెపటైటిస్ రక్తపరీక్షలు కూడా కొన్నిచోట్ల వేరే.

నాలుగోది మనవాళ్ళకి అసలు తెలియదు. ఆసుపత్రిలో చేరి చేయించుకుంటే అదే పరీక్షకి రూమును బట్టి ధర మారుతుంది. జనరల్ వార్డులో ఒక రేటు, సింగిల్ రూములో ఇంకో రేటు. స్కోపు అదే, డాక్టరూ అతనే. మీ అమ్మగారు ఓపీలో పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోవచ్చు అంటే రూము తీసుకోకండి.

ఇంకోటి చెప్పకపోతే నా మనసు ఒప్పదు. నేను పనిచేసిన ఒకచోట, పేషెంటును పంపినవాళ్ళకి బిల్లులో వాటా వెళ్ళేది. ఆ వాటా పేషెంటు దగ్గరే వసూలయ్యేది. అందుకే ఎవరో పంపారని కాకుండా మీరే నేరుగా ఫోన్ చేసి కనుక్కోవడం మంచిపని.

ధర ఎక్కువైతే పరీక్ష బాగా చేస్తారని లేదు. నేను చూసిన మంచి డాక్టర్లలో ఒకాయన జిల్లా కేంద్రంలో చిన్న క్లినిక్ పెట్టుకున్నారు. పని ఎలా చేస్తారో రిపోర్టులో తెలుస్తుంది. పెద్దపేగు మొదలయ్యే చోటుని సీకం అంటారు, అపెండిక్స్ ఉండేది అక్కడే. అక్కడిదాకా స్కోపు వెళ్ళిందని రాసి, ఫోటో పెట్టాలి. అసలు చూడటం జరిగేది స్కోపు వెనక్కి తీసేటప్పుడు, దానికి కనీసం 6 నిమిషాలు పెట్టాలి. పేగు ఎంత శుభ్రంగా ఉందో కూడా రాయాలి. ఈ మూడూ రాసే అలవాటు ఉందా అని అడిగితే మంచి డాక్టరు సంతోషంగా చెబుతారు.

ఇప్పుడు మీ అమ్మగారికి చాలా ముఖ్యమైన సంగతి. ఆవిడ ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారు కదా. వాటివల్ల మలం నల్లగా జిగురుగా పేగు గోడకి అంటుకుంటుంది, కెమెరాకి ఏమీ కనబడదు. మామూలుగా కనీసం 5 రోజుల ముందే ఆపమంటారు. మీ డాక్టర్ని అడిగి తేదీ రాయించుకోండి. బీపీ, షుగరు, రక్తం పలచబడే మందులుంటే వాటి సంగతీ అడగండి. గింజలుండే జామ, టమాటా, ఆకుకూరలు రెండు మూడు రోజులు వద్దు. పేగు శుభ్రం కావడానికి ఇచ్చే పొడిని రెండు లీటర్ల నీళ్ళలో కలిపి తాగమంటారు, సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగితే బాగా శుభ్రమవుతుంది. చివరికి లేత పసుపు నీళ్ళలా రావాలి. సరిగ్గా శుభ్రం కాక వెనక్కి పంపి, మళ్ళీ రమ్మని, మళ్ళీ పూర్తి డబ్బు కట్టించుకున్న కేసులు నెలకి ఒకటైనా చూస్తాను.

అన్నట్టు, ఆ మందు తాగి ఖమ్మం నుంచి బస్సులో రావడం కుదరదు. హైదరాబాద్‌కైనా విజయవాడకైనా ముందురోజే వచ్చి బాత్రూమ్ ఉన్న రూములో ఉండాలి. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

కృష్ణాతీరం, విజయవాడ

సిస్టర్ గారు చెప్పిన మూడోది మాకు జరిగింది. మా నాన్నకి 3,800 అని చెప్పి లోపలికి తీసుకెళ్ళారు. గంట తర్వాత బయటికొచ్చి రెండు పాలిప్స్ తీశాం, 13,600 కట్టండి అన్నారు. నాన్న ఇంకా మత్తులో ఉన్నారు. ఏటీఎంకి పరిగెత్తాను. ఇది మోసం కాదా?

స్కోపురూమ్ సిస్టర్

పాలిప్స్ తీయడం మోసం కాదండీ. వదిలేసి ఇంకోరోజు రమ్మంటే మళ్ళీ రెండు లీటర్ల మందు, మళ్ళీ మత్తు, మళ్ళీ ఫీజు. ఒకేసారి తీయడమే నాన్నగారికి మేలు. కానీ "పాలిప్ కనబడితే తీయమంటారా, తీస్తే ఇంతవుతుంది" అని సంతకం పెట్టించుకునేటప్పుడే చెప్పాలి. అది చెప్పకపోవడం తప్పు, ముమ్మాటికీ తప్పు. తలుపు బయట నిలబడ్డ కొడుకు ఆ సమయంలో వద్దనగలడా?

టీపీఏ డెస్క్, వరంగల్

ఇన్సూరెన్స్ గురించి నేను చెబుతాను, రోజూ చేసే పని ఇదే.

కేవలం పరీక్ష కోసమే ఆసుపత్రిలో చేరితే క్లెయిమ్ రాదు. పాలసీ కాగితంలో క్లెయిమ్ రానివాటి జాబితాలో ఎక్స్‌క్లూజన్ 04 అని ఉంటుంది, అన్ని కంపెనీలదీ అదే మాట. "ఒకరోజు అడ్మిట్ అవ్వండి, క్లెయిమ్ చేసుకోవచ్చు" అని ఎవరైనా చెబితే నమ్మకండి. రూము చార్జీ కట్టాక కంపెనీ తిరస్కరిస్తుంది, అప్పుడు రెండు విధాలా నష్టం. పాలిప్ తీస్తే మాత్రం అది చికిత్స కిందికి వస్తుంది, డే కేర్‌గా, అంటే అదేరోజు ఇంటికి వెళ్ళిపోయే చికిత్సగా, క్లెయిమ్‌కి అవకాశం ఉంటుంది. ముందే కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోండి. ఇంకో సంగతి, పరీక్షలో జబ్బు బయటపడి ఆ తర్వాత పాలసీలో చెప్పిన రోజుల్లోపు, సాధారణంగా 30 లేదా 60 రోజులు, ఆపరేషన్ కోసం చేరితే ఈ కొలనోస్కోపీ బిల్లు కూడా చేరకముందు ఖర్చు కింద అడగవచ్చు. అందుకే అసలు బిల్లులు, రిపోర్టు, డాక్టరు చీటీ ఒక కవర్లో దాచండి.

తెల్ల కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని కలవండి. ఓపీ పరీక్షకి కాకపోయినా, తర్వాత చికిత్స అవసరమైతే ఆరోగ్యశ్రీలో వస్తుందో లేదో ఆయనే చెబుతారు.

సూర్యాపేట బిడ్డ, డల్లాస్

మీకు అక్కడే ఇంత తేడా అనిపిస్తోంది గానీ ఇక్కడా ఇదే బాధ. నాకు 47. ఏ లక్షణమూ లేకుండా వయసు వచ్చిందని చేయించుకుంటే 2010 నాటి చట్టం వల్ల ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి నెట్‌వర్క్‌లో ఉచితం, ఆ పరీక్షలో పాలిప్ తీసినా సరే. 2021 నుంచి 45 ఏళ్ళకే మొదలుపెట్టమంటున్నారు. మలం పరీక్ష పాజిటివ్ వచ్చాక చేసే కొలనోస్కోపీని కూడా 2022 నుంచి అందులోనే కలిపారు. కానీ నేను మలంలో రక్తం పడుతోందని చెప్పాను కాబట్టి బిల్లులో "డయాగ్నస్టిక్", అంటే లక్షణం ఉండి చేసిన పరీక్ష, అని కోడ్ వేశారు. డాక్టరు, ఆసుపత్రి, మత్తు డాక్టరు, ల్యాబు, నాలుగు కవర్లు వేర్వేరుగా వచ్చాయి. మొత్తం 1,940 డాలర్లు నేనే కట్టాను. అదే నెలలో నా స్నేహితురాలు ఏ లక్షణమూ లేకుండా స్క్రీనింగ్ అని చేయించుకుంటే ఒక్క డాలరు పడలేదు. పైగా నేను వెళ్ళింది ఆసుపత్రికి, తను వెళ్ళింది విడిగా ఉండే సెంటర్‌కి. సెంటర్‌లో చార్జీ తక్కువని తర్వాత తెలిసింది.

చెల్లీ, అమ్మని త్వరగా తీసుకెళ్ళు.

మిర్చితోట

అందరికీ చాలా థాంక్స్. మూడు వారాలయింది, జరిగింది చెప్పాలని వచ్చాను.

సిస్టర్ అక్క చెప్పిన ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని మళ్ళీ మూడు చోట్లా ఫోన్ చేశాను. ఖమ్మం డాక్టరు గారు స్వయంగా మాట్లాడారు. "మత్తు డాక్టరు వారానికి రెండు రోజులే వస్తారు, పెద్ద పాలిప్ ఉంటే నేను తీయను, ఎలాగూ విజయవాడకే పంపుతాను" అని ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయన మీద గౌరవం పెరిగింది. హైదరాబాద్‌లో పాలిప్ తీస్తే 8,000 నుంచి అదనం అన్నారు. విజయవాడలో 7,500లో మత్తు డాక్టరు ఫీజు ఉంది, పాలిప్ తీస్తే 3,800, క్లిప్ ఒక్కోటి 1,600, ముక్క పరీక్ష సీసాకి 1,200 అని ఫోన్లోనే చెప్పారు. అక్కడికే వెళ్ళాం.

ఐరన్ మాత్రలు వారం ముందు ఆపించారు. ముందురోజు సాయంత్రం బస్టాండ్ దగ్గర లాడ్జిలో దిగాం, 1,200. అమ్మ రెండో లీటరు తాగడానికి చాలా కష్టపడింది. నిమ్మరసం పిండి చల్లగా ఇస్తే తాగింది.

పెద్దపేగు కుడివైపున 14 మిల్లీమీటర్ల పాలిప్ ఉంది. అప్పుడే తీసి ఒక క్లిప్ వేశారు. పైన పొట్టలోంచి కూడా చిన్న ముక్క తీశారు. బిల్లు: కొలనోస్కోపీ 7,500, ఎండోస్కోపీ 2,000, రక్తపరీక్షలు 900, పాలిప్ 3,800, క్లిప్ 1,600, రెండు సీసాలకి 2,400. మొత్తం 18,200. నాన్న పది బస్తాల మిర్చి అమ్మేశారు, రేటు చూసుకోలేదు. బిల్లు చూసినప్పుడు భయం వేయలేదు, ఎందుకంటే ప్రతి అంకె నాకు ముందే తెలుసు.

ముక్క పరీక్ష రిపోర్టు మొన్న వచ్చింది. క్యాన్సర్ లేదు. కానీ ఆ పాలిప్ అలాగే వదిలేస్తే ముందుముందు అటు మారగలిగే రకమట, అడినోమా అన్నారు. మూడేళ్ళకి మళ్ళీ చేయించాలి. హిమోగ్లోబిన్ 9.4కి వచ్చింది, ఐరన్ మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాం.

డాక్టరు గారు ఇంకో మాట చెప్పారు. తల్లికి ఇంత పెద్ద పాలిప్ ఉంటే పిల్లలు 40 ఏళ్ళకే ఒకసారి చేయించుకోవాలట. అన్నయ్యకి 38. ప్రశ్నలు రాసుకున్న కాగితం ఫోటో తీసి వాడికి పంపాను.