రెండున్నరేళ్లకి అడుగులేస్తే అరిసెలు పంచొచ్చా?

ప్రశ్న: మా బాబుకి డౌన్ సిండ్రోమ్. కండరాల బిగువు తక్కువ, అందుకే అన్నీ ఆలస్యం. మొన్న సోఫా వదిలేసి టీవీ బల్ల దాకా నడిచాడండీ! అరిసెలు చేసి అపార్ట్‌మెంట్‌లో పంచుదామంటే మా అత్తగారు "ఇప్పుడా? అందరూ వయసు అడుగుతారే" అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

జవాబు 1: పంచండి. మా పాప ఏడాది దగ్గర పడ్డాక బోర్లా పడింది, బొబ్బట్లు అప్పుడే చేశాం. వయసు అడిగారు, చెప్పాం. తిని వెళ్లారు.

జవాబు 2: ఫిజియోథెరపిస్టుకీ ఓ డబ్బా! బూట్లు కొనేముందు ఆవిడని అడగండి. ఈ పిల్లలకి కీళ్లు వదులుగా ఉంటాయి, చీలమండకి ఆసరా కావాల్సి రావచ్చు.

ప్రశ్న అడిగినామె: బియ్యం నానబోశాను. పాకం తనే పడతానంటున్నారు అత్తగారు. నా చేతి పాకం మీద నమ్మకం లేదట.