మైక్రోవేవ్ ఓవెన్ లోపలి నుంచి వేడి చేస్తుందా, బయటి నుంచా?

అత్తిలి అమ్మాయి:
పెళ్లింటి నుంచి తెచ్చిన పూర్ణం బూరెలు నాలుగు మైక్రోవేవ్‌లో అర నిమిషం పెట్టాను. పట్టుకుంటే గోరువెచ్చగా ఉన్నాయి. కొరికితే పూర్ణం నాలుక కాల్చేసింది. ఇది లోపలి నుంచి వేడి చేస్తుందని అందరూ అంటే ఇన్నాళ్లూ నమ్మలేదు. మా ఆయన ఇప్పటికీ అదంతా ఉత్తిదే అంటున్నారు. మీరే తేల్చండి.

కాకినాడ కాజా:
తేల్చడానికేముందండీ, మీ నాలుకే సాక్ష్యం. పొయ్యి బయటి నుంచి కాలుస్తుంది, ఇది లోపలి నుంచి. నీటి అణువు ఏ ఫ్రీక్వెన్సీకి ఊగుతుందో సరిగ్గా అదే, 2.45 గిగాహెర్ట్జ్, ఇందులో పెట్టారు.

రేడియో మామ:
రెండు ముక్కలూ తప్పే కాజా గారూ. 2.45 దగ్గర నీటికి ప్రత్యేకమైన ఊపేమీ లేదు. మామూలు నీళ్లు ఇలాంటి తరంగాల్ని బాగా పీల్చుకునేది 20 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల. అమెరికా ఫ్యాక్టరీల్లో 915 మెగాహెర్ట్జ్ (అంటే ఒక గిగాహెర్ట్జ్ కంటే తక్కువే) ఓవెన్లూ ఉన్నాయి, అవీ శుభ్రంగా వేడి చేస్తాయి.

జరిగేది ఇదీ. నీటి అణువుకి ఒక కొస కాస్త ప్లస్, ఇంకో కొస కాస్త మైనస్. తరంగంలోని విద్యుత్ క్షేత్రం సెకనుకి 245 కోట్ల సార్లు అటూ ఇటూ మారుతుంటే అణువు కూడా దానితోపాటు తిరగబోతుంది. పక్క అణువులు తిరగనివ్వవు. ఆ కుమ్ములాటే వేడి. తడి కూరలో రెండు మూడు సెంటీమీటర్లు పోయేసరికే తరంగం బలం చాలావరకు అయిపోతుంది. అక్కడి నుంచి మధ్యకి వేడి నెమ్మదిగా పాకాల్సిందే, పొయ్యి మీద గిన్నెలో లాగే.

కాకినాడ కాజా:
పాఠం బాగుంది మామా. బూరె సంగతి చెప్పకుండా తప్పించుకున్నారు.

డల్లాస్ వదిన:
మా ఇంట్లో దీనికి పూర్తిగా రివర్స్. ఫ్రీజర్‌లో పప్పు డబ్బా తీసి పెడితే అంచులు కుతకుతలాడతాయి, నడిమధ్యలో మంచుగడ్డ అలాగే కూర్చుంటుంది. లోపలి నుంచే వేడెక్కేదైతే ముందు ఆ గడ్డే కరగాలి కదా?

ఊరికే వచ్చా:
అసలు ఇందులో వండితేనే క్యాన్సర్ అంటున్నారు, మీరేమో బూరెలంటున్నారు.

రేడియో మామ:
తమ్ముడూ, ఈ తరంగాలకి అణువు నుంచి ఎలక్ట్రాన్ ఊడగొట్టేంత శక్తి లేదు. ఎక్స్‌రేతో కలపకు. కావాలంటే వేరే చర్చ పెట్టుకో.

వదిన గారి పప్పులో మంచు అణువులు బిగుసుకుపోయి ఉంటాయి, తిరగలేవు. అందుకే మంచు ఈ తరంగాల్ని చాలా తక్కువ పీల్చుకుంటుంది. అంచు ఒకసారి నీరైందా, ఇక వేడంతా దానికే. డీఫ్రాస్ట్‌లో మిషన్ ఆగి ఆగి తిరిగేది అందుకే, ఆ ఖాళీలో వేడి గడ్డలోకి పాకాలి.

ఇక బూరె. అది చిన్నది, అన్ని వైపుల నుంచీ తరంగం నడిమి దాకా అందుతుంది. తడంతా పూర్ణంలోనే ఉంది. పైతొడుగు నూనెలో వేగి ఆరిపోయింది, పైగా ఓవెన్‌లో గాలి చల్లనిదే కాబట్టి పైభాగం వేడి దానికి పోతుంది. అదే బూరెని గుమ్మడికాయంత చేసి పెట్టండి, మధ్యలో పూర్ణం చల్లగానే ఉంటుంది.

కాకినాడ కాజా:
అంటే బూరె వరకు నేను గెలిచినట్టే. గుమ్మడికాయంత బూరె ఎవరూ చెయ్యరు లెండి.

అత్తిలి అమ్మాయి:
మా ఆయన ఊరుకోలేదు. తిరిగే చక్రం తీసేసి, గాజు పళ్లెం బోర్లించి, దాని మీద పచ్చి అప్పడాలు పరిచి ఆన్ చేశారు. అక్కడక్కడ మాత్రమే తెల్లగా పొంగాయి, మిగతాదంతా పచ్చిగానే ఉంది. తరంగాలు గోడలకి కొట్టుకుని కొన్ని చోట్లే బలంగా కలుస్తాయట. తరంగం పొడవు 12 సెంటీమీటర్లు కాబట్టి మచ్చల మధ్య అందులో సగం, సుమారు ఆరు ఉండాలని స్కేలు పట్టుకుని కూర్చున్నారు. ఒక చోట ఐదున్నర, ఇంకో చోట ఏడు వచ్చింది. పచ్చిగా మిగిలిన అప్పడాలన్నీ నేనే పొయ్యి మీద కాల్చాను.