బెర్నీ మార్స్‌డెన్ స్మృతి సాయంత్రం: వాలంటీర్ల చర్చ, పనుల పంపకం

కల్చరల్ కమిటీ:
అందరికీ నమస్కారం. ఆగస్టు 24కి దగ్గరగా వచ్చే శనివారానికి హాలు దొరికింది. సాయంత్రం 5 నుంచి రాత్రి 10:30 దాకా మనదే. బెర్నీ మార్స్‌డెన్ 2023లో ఆ తేదీనే పోయారు. 72 ఏళ్లు.

తెలుగు సంఘం ఒక ఇంగ్లిష్ రాక్ గిటారిస్టుకి ఎందుకు చెయ్యాలని మొన్న మీటింగ్‌లో ఒక పెద్దాయన అడిగారు. అది న్యాయమైన ప్రశ్న, అందుకే ఇక్కడ సరిగ్గా జవాబు చెబుతాను. 90లలో హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదివేటప్పుడు మా సీనియర్ గదిలో 'హియర్ ఐ గో అగైన్' క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నాం. తర్వాత టీవీలో దాని వీడియో చూశాం. జాగ్వార్ కార్లు, పెద్ద జుట్టు, అంతా హడావిడి. ఆ వీడియోలో వాయిస్తున్నట్టు కనిపించే వాళ్లదే ఆ పాట అనుకున్నాను. దాన్ని వైట్‌స్నేక్ అనే రాక్ బ్యాండ్ గాయకుడు డేవిడ్ కవర్‌డేల్‌తో కలిసి రాసినది ఆ బ్యాండ్ గిటారిస్టు మార్స్‌డెన్ అనీ, ఆయన పుట్టిన ఊరు ఇక్కడి బకింగ్‌హామ్ అనీ ఇంగ్లండ్ వచ్చిన చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. ఆ ఊరి పేరున్న బోర్డు పక్కనుంచే ఎన్నోసార్లు కారులో వెళ్లాను. ఇన్నేళ్లు ఒక మనిషి పాట పాడుకుని, ఆయన పేరు కూడా తెలుసుకోలేదన్న బాధ నాకుంది. మన పిల్లల్లో ఏడెనిమిది మంది గిటార్ నేర్చుకుంటున్నారు. వాళ్లకైనా ఆ పేరు తెలియాలి.

ఎవరు ఏ పని తీసుకుంటారో కింద రాయండి.

ఫుడ్ కమిటీ:
పులిహోర, పకోడీ, టీ మేం చూసుకుంటాం. ఎంతమంది వస్తారో రెండు వారాల ముందు చెప్పండి చాలు.

యూత్ వాలంటీర్:
అక్కా, నేను లీడ్ గిటార్ వాయిస్తాను. 'హియర్ ఐ గో అగైన్' 1987 వెర్షన్ తీసుకుందామా? అందరికీ తెలిసింది అదే కదా. సోలో కూడా దాదాపు వచ్చేసింది, ఒక్క చోట వేళ్లు తడబడుతున్నాయి.

కల్చరల్ కమిటీ:
తల్లీ, ముందుగా శభాష్. ఆ సోలో అంత తేలిక కాదు. కానీ ఆ వెర్షన్ వద్దు. కారణం కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ సాయంత్రం పెట్టుకున్నదే దీని కోసం.

ఆ పాట మొదట వచ్చింది 1982లో, వైట్‌స్నేక్ 'సెయింట్స్ అండ్ సిన్నర్స్' ఆల్బమ్‌లో. ఆల్బమ్ బయటికొచ్చేసరికే మార్స్‌డెన్ బ్యాండ్‌లో లేరు. ఐదేళ్ల తర్వాత కవర్‌డేల్ కొత్త మనుషులతో దాన్ని మళ్లీ రికార్డు చేశాడు. పాటలో 'హోబో' అన్న మాట తీసేసి 'డ్రిఫ్టర్' పెట్టాడు. నువ్వు నేర్చుకున్న సోలో ఏడ్రియన్ వాండెన్‌బర్గ్‌ది. ఆ రికార్డు 1987 అక్టోబర్‌లో అమెరికాలో నంబర్ వన్ అయింది. 1982 సింగిల్ ఇక్కడ, బ్రిటన్ చార్టులో, 34వ స్థానం దాటలేదు. పాట ప్రపంచమంతా తిరిగింది కానీ, జనం విన్న గిటార్ మార్స్‌డెన్‌ది కాదు.

ఇంకో పాటకీ ఇలాగే జరిగింది. 'ఫూల్ ఫర్ యువర్ లవింగ్' అసలు అమెరికన్ బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ కోసమని కవర్‌డేల్, మార్స్‌డెన్, బ్యాండ్‌లో ఇంకో గిటారిస్టు మిక్కీ మూడీ కలిసి రాసుకున్నారు. చివరికి 1980లో వాళ్లే పాడుకున్నారు, ఇక్కడ 13వ స్థానం దాకా వెళ్లింది. 1989లో మళ్లీ రికార్డు చేసినప్పుడు గిటార్ వాయించింది స్టీవ్ వై. వై గొప్పవాడు, అందులో అనుమానం లేదు. అయితే రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టి విను. వై ప్రతి సందులోనూ ఏదో ఒకటి వాయిస్తాడు. మార్స్‌డెన్ గాయకుడు ఊపిరి తీసుకునే దాకా ఆగుతాడు, తర్వాత నాలుగు స్వరాలు వేసి తప్పుకుంటాడు. మా గురువుగారు వయొలిన్ మీద పక్కవాద్యం వాయించేటప్పుడు అచ్చం అలాగే చేసేవారు. మార్స్‌డెన్‌ను జనం తక్కువగా చూడటానికి కారణం కూడా ఈ ఆగడమేనని నా నమ్మకం. వేగం అయితే జనానికి వెంటనే కనబడుతుంది.

1982 రికార్డు ఈ రాత్రికి మూడుసార్లు విను. నచ్చకపోతే మళ్లీ మాట్లాడుకుందాం.

స్టేజ్, సౌండ్:
అక్కా, మీరు చెప్పినదాంట్లో నాకు ఇంకో లాభం కనబడుతోంది. హాలు చూసొచ్చాను. స్టేజీ పక్క గోడ మీద నాయిస్ లిమిటర్ ఉంది. శబ్దం హద్దు దాటితే ఎర్ర లైటు వెలుగుతుంది. కొన్ని సెకన్లు అలాగే ఉంటే స్టేజీ సాకెట్లన్నిటికీ కరెంటు కట్ చేసేస్తుంది. వాల్వ్ ఆంప్ (గిటార్ శబ్దం పెంచే పాతకాలపు పద్ధతి పెట్టె) పూర్తి ఊపులో ఉండగా అలా పోవడం ఆంప్‌కీ మంచిది కాదు, వాయించేవాళ్లకీ టెన్షన్. పోయినేడాది ఇంకో హాల్లో మన డప్పులకే రెండుసార్లు పోయింది, గుర్తుందా? వంటగది సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ లాగుదామని ఎవరూ అనకండి. అగ్రిమెంట్‌లో అది స్పష్టంగా వద్దని రాశారు.

అసలు సమస్య గిటార్లు కాదు, డ్రమ్స్. మామూలు డ్రమ్ కిట్ మైకు లేకుండానే ఆ లైటును ఎర్రగా మార్చగలదు. కాబట్టి ఎలక్ట్రానిక్ కిట్ తెస్తాను. గిటార్లకి 5 వాట్ల చిన్న వాల్వ్ ఆంప్‌లు రెండు పెట్టి, వాటి ముందు మైకులు పెడదాం. ఆంప్ చిన్నదైతే తక్కువ శబ్దంలోనే రాక్ గిటార్‌కి ఉండే ఆ బొంగురు వచ్చేస్తుంది. మిగతాది మిక్సర్ దగ్గర నేను చూసుకుంటాను.

గిటార్ విషయం: మార్స్‌డెన్‌ది 1959 గిబ్సన్ లెస్ పాల్, 'ది బీస్ట్' అని పిలిచేవారు. అలాంటిది మనం చూడటం కూడా కష్టం. లెస్ పాల్ ఆకారంలో, హంబకర్లు (తీగల శబ్దాన్ని పట్టే ఒక రకం పికప్‌లు) ఉన్న ఏ గిటారైనా సరిపోతుంది. మా తమ్ముడి దగ్గర ఒకటుంది, పాపకి ఇస్తాడు. ఒక మాట: ఆంప్ మీద డిస్టార్షన్, అంటే ఆ బొంగురు, పెంచకుండా గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌తో తగ్గించి పెంచడం ప్రాక్టీస్ చెయ్యమనండి.

ప్రతి కరెంటు వస్తువుకీ ప్యాట్ టెస్ట్ (విద్యుత్ భద్రత పరీక్ష) స్టిక్కర్ ఉండాలని హాలువాళ్లు అడిగారు. మీ కీబోర్డు, ఆంప్ అడాప్టర్లు కూడా ముందు నాకివ్వండి.

ట్రెజరర్:
లైసెన్స్ గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు. మనం మద్యం అమ్మడం లేదు, రాత్రి 11 లోపే ముగిస్తున్నాం, 500 మంది దాటం. కమ్యూనిటీ హాల్లో నిర్వాహకుల అనుమతితో ఉదయం 8 నుంచి రాత్రి 11 మధ్య లైవ్ మ్యూజిక్‌కి విడిగా కౌన్సిల్ లైసెన్స్ అక్కర్లేదు. ఆ అనుమతి మాత్రం రాతపూర్వకంగా తీసుకుంటాను. బార్ పెడదామని ఎవరైనా అంటే టెంపరరీ ఈవెంట్ నోటీస్ కావాలి. 21 పౌండ్లు, కనీసం 10 పనిదినాల ముందు ఇవ్వాలి. నా ఓటు బార్ లేకుండానే. పాటల హక్కుల కోసం పీపీఎల్ పీఆర్ఎస్ లైసెన్స్ హాలుకి ఉందో లేదో కనుక్కుంటున్నాను. పాటలు రాసినవాళ్లకి చేరాల్సింది చేరేది దాని ద్వారానే, కాబట్టి ఈ కార్యక్రమంలో దాన్ని మాత్రం వదలకూడదు.

కీబోర్డు:
నేను ఉగాదికి ఘంటసాల పాటలు వాయించేవాణ్ణి, రాక్ ఎప్పుడూ వాయించలేదు. నిన్న 1982 రికార్డు విన్నాను. మొదట్లో వచ్చే ఆ ఆర్గన్ వైట్‌స్నేక్ కీబోర్డు వాద్యకారుడు జాన్ లార్డ్‌దట కదా! భజనలో హార్మోనియం శ్రుతి పట్టినట్టు నిలబడి ఉంటుంది. వాయించాలని చాలా ఆశగా ఉంది. సౌండ్ తమ్ముడూ, హామండ్ ఆర్గన్ శబ్దం, ఆ తిరిగే స్పీకర్ ఎఫెక్ట్ నా కీబోర్డులో ఎలా పెట్టాలో ఒకసారి ఇంటికొచ్చి చూపించు.

యూత్ వాలంటీర్:
అక్కా, మూడుసార్లు కాదు, పదిసార్లు విన్నాను. మొదట చప్పగా అనిపించింది. ఆరోసారికి గిటార్ ఎక్కడెక్కడ ఆగుతోందో వినబడటం మొదలైంది. 1982దే వాయిస్తాను. రెండో గిటార్ ఎవరు? ఇందులో ఇద్దరు కావాలి.

కల్చరల్ కమిటీ:
చాలా సంతోషం తల్లీ. అవును, మూడీ, మార్స్‌డెన్ ఇద్దరూ గిటార్‌ని సమానంగా పంచుకునేవారు. మూడీ స్లైడ్ (తీగల మీద చిన్న గొట్టం జార్చుతూ వాయించడం) ఎక్కువ వాయించేవాడు. రెండో గిటార్‌కి మీ నాన్నగారిని అడిగాను, ఒప్పుకున్నారు.

పాటల వరస ఇలా అనుకుంటున్నాను. మొదట 'వాకింగ్ ఇన్ ది షాడో ఆఫ్ ది బ్లూస్', 1979 నాటిది, కవర్‌డేల్‌తో ఆయన రాసింది. తర్వాత 'ఫూల్ ఫర్ యువర్ లవింగ్'. మూడోది 'ఎయింట్ నో లవ్ ఇన్ ది హార్ట్ ఆఫ్ ది సిటీ'. అది అమెరికన్ బ్లూస్ గాయకుడు బాబీ బ్లాండ్ 1974లో పాడిన పాట, వైట్‌స్నేక్ రాసింది కాదు. అయినా ఉండాలి. వైట్‌స్నేక్ 1980 లైవ్ ఆల్బమ్‌లో లండన్ హ్యామర్‌స్మిత్ ఓడియన్ హాల్లోని జనం మొత్తం ఆ పల్లవి పాడతారు, అది వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మన హాల్లో కూడా అలాగే పాడిద్దాం. పల్లవి తెలుగు లిపిలో రాసి ప్రొజెక్టర్ మీద వేస్తాను, అమ్మమ్మలు, తాతయ్యలు కూడా అందుకుంటారు. చివరికి 'హియర్ ఐ గో అగైన్'.

మధ్యలో మాటలు రెండు నిమిషాలు మించొద్దు. మార్స్‌డెన్ చిన్న వయసులో కొన్నాళ్లు యూఎఫ్ఓ బ్యాండ్‌లో, తర్వాత వైల్డ్ టర్కీ, బేబ్ రూత్, పెయిస్ ఆష్టన్ లార్డ్, 1978 నుంచి వైట్‌స్నేక్. 2021లో ముగ్గురు బ్లూస్ కింగ్‌లకి, అంటే ఆల్బర్ట్, ఫ్రెడీ, బి.బి.లకి, 'కింగ్స్' అని ఆల్బమ్ చేసి దండం పెట్టుకున్నారు. అంతే చెప్పి గిటార్‌కి వదిలేద్దాం.

పెద్దల బృందం:
మీటింగ్‌లో అడిగింది నేనేనమ్మా. చదివాను. దీపం వెలిగించే పని నాకివ్వండి. ఆయన ఫొటో కాస్త పెద్దది పెట్టండి, చేతిలో గిటార్ ఉన్నది. ముందు కుర్చీల్లో ఉండేవాళ్లకి డ్రమ్స్ శబ్దం ఎక్కువవుతుందా?

స్టేజ్, సౌండ్:
ఎలక్ట్రానిక్ కిట్ కాబట్టి ఇబ్బంది ఉండదండి బాబాయిగారూ. మీ వరసని స్పీకర్లకి పక్కగా వేస్తాను.

రిహార్సల్ వచ్చే ఆదివారం మధ్యాహ్నం 2 గంటలకు, మా గరాజ్‌లో. గిటార్లిద్దరూ, కీబోర్డు అన్నా తప్పకుండా రావాలి. గాయకుడు ఇంకా ఖరారు కాలేదు. గొంతు కాస్త బరువుగా, నిదానంగా పాడగలిగేవాళ్లు ఎవరైనా ఉంటే గురువారం లోపు ఇక్కడే రాయండి.